సారథి యవధ్యుఁడా?

యుద్ధము చేయువాఁడు వేఱు. యుద్ధభూమి మీఁదుగా బండి తోలుకొనిపోవువాఁడు వేఱు. ఈ భేదము పిల్లలకును దెలిసినదే. అయినను బండిలో నున్నది బియ్యమో మందుగుండో బయటివానికిఁ దెలియనప్పుడు, నేఁడు బియ్యము మోసిన బండియే నిన్న సిపాయిని మోసినప్పుడు, ఆ తోలువాఁడు ఏ పక్షమువాఁడని యెంచవలెను? వానిని బట్టి కట్టుటయు, చంపుటయు ధర్మమగునా? వాని నచ్చటికిఁ బంపినవారికి దోషము లేదా? ఈ ప్రశ్నలు ప్రాచీనములే. కాని బండి విమానమై, బాట యాకాశమైన మన కాలమున నివి క్రొత్త పదునును బొందినవి. 2023, 2024 సంవత్సరములలో పాపువా కొండలయందు జరిగిన రెండు సంగతులను ముందిడుకొని యీ విషయమును విచారింపఁదలఁచితిమి.

ఆస్ట్రేలియాకు ఉత్తరమున న్యూగినీ యను ద్వీపము గలదు. గ్రీన్లాండును విడిచినచో భూమిమీఁద నింతకంటెఁ బెద్ద ద్వీపము లేదు. దాని తూర్పుసగము 1975లో స్వతంత్రమైన పాపువా న్యూగినీ. పడమటిసగము ఇండొనీషియా రాజ్యములోనిది. ఆ పడమటి భాగము నడుమ వెన్నెముకవలె నిలిచిన పర్వతశ్రేణిలోఁ గొన్ని శిఖరములు 4,500 మీటర్ల యెత్తును మించియున్నవి. 1938లో నొక యమెరికను శాస్త్రజ్ఞబృందము నీటివిమానముపైఁ బోవుచు బలియెం లోయను జూచునంతవఱకు, అందు వేలకొలఁది జనులు కాలువలు త్రవ్వి, చిలగడదుంపలు పండించి జీవించుచున్నారని బయటిలోకమున కించుమించుగాఁ దెలియనే తెలియదు. నేఁటికిని ఆ కొండయూళ్లలోఁ బెక్కింటికి రోడ్డు లేదు. ఉప్పు, బియ్యము, కిరసనాయిలు, మందులు, పాఠ్యపుస్తకములు, బడిపంతులు, ప్రసవము కష్టమైన స్త్రీ - అన్నియు నందఱును విమానముననే పోవలయును. మన పల్లెలలో నెడ్లబండి యెట్టిదో యచ్చట ఒంటి యింజను విమాన మట్టిది. అది విలాసము గాదు, బ్రతుకుఁదెరువు.

ఆ బండి తోలుట యెంత కష్టమో కొంచెము చెప్పవలయును. అచ్చటి విమానపుబాటలు పెక్కు కొండవాలున గడ్డి చదునుచేసి యేర్పఱచినవి. నిడివి నాలుగైదు వందల మీటర్లకు మించనివియుఁ గలవు. ఎగువకు మొగమై దిగవలెను. దిగువకు మొగమై యెగురవలెను. దిగునప్పు డొకచోటు దాఁటినతరువాత మనసు మార్చుకొని మరల నెగురుటకు వీలులేదు. ఎదుట కొండ నిలిచియుండును. ఎత్తునందు గాలి పలుచనగుటచే ఱెక్కలకుఁ బట్టును, యింజనుకు బలమును దగ్గును. ఉదయమున నిర్మలముగా నున్న లోయ మధ్యాహ్నమునకు మేఘములతో మూసికొనిపోవును. 2015 ఆగస్టు 16వ తేదీన ఒక్సిబిల్ సమీపమున నొక విమానము కొండకుఁ గొట్టుకొని, అందున్న 54 మందియు మరణించిరి. బీదకుటుంబములకుఁ బంచుటకై కొనిపోవుచున్న ప్రభుత్వధనమును ఆ విమానములోనే యుండెను. పేదవాని యింటికి ధర్మము చేరుటకును అచ్చట నంతటి ప్రాణభయము గలదు.

ఇది ప్రకృతి వలని యపాయము. దీనిపై మనుష్యకృతమైన యపాయ మొకటి చేరినది. 2023 ఫిబ్రవరి 7వ తేదీన న్డుగా మండలములోని పారో యను చోట దిగిన చిన్నవిమానమును, పాపువా స్వాతంత్ర్యమునకై పోరాడు సాయుధులు తగులఁబెట్టి, దానిని నడపిన న్యూజీలండు దేశీయుని జెఱపట్టిరి. అతఁడు పందొమ్మిది నెలలకుఁ బైగా నడవులలో వారివెంట నుండి, 2024 సెప్టెంబరు 21వ తేదీన విడుదల పొందెను. ఆ విడుదలకు ముందే, 2024 ఆగస్టు 5వ తేదీన, మిమికా మండలములోని అలామా గ్రామమున దిగిన హెలికాప్టరు చోదకుఁడు, ఇతఁడును న్యూజీలండు దేశీయుఁడే, చంపఁబడెను. అందుఁ బ్రయాణముచేసిన స్థానికుల కేమియు నపాయము కలుగలేదు. అంతకుముందు 2021 జనవరిలో ఇంతన్ జయా మండలమున నొక క్రైస్తవసేవాసంఘపు విమానము దహింపఁబడెను.

ఈ రెండపాయములను ఒకేత్రాసున వేసి, "తెలిసియే పోయినాఁడు, కూలికే పోయినాఁడు, ఇఁక నెవరిని నిందింపవలెను?" అనువారు గలరు. ఈ మాట వినుటకు న్యాయముగానే తోఁచును. కాని విచారించినచో నిలువదు. తాటిచెట్టెక్కు గీఁతవాఁడు పడిపోవుట కలదని యెఱిఁగియే యెక్కును. అంతమాత్రమున, వాఁడు పైనున్నప్పుడు చెట్టు నఱకినవాఁడు నిర్దోషి యగునా? కొండకు ద్వేషము లేదు. మేఘమునకు సంకల్పము లేదు. వానివలని యాపదకు సమ్మతించుట యొక వృత్తిని స్వీకరించుట మాత్రమే. ఒక మనుష్యుఁడు బుద్ధిపూర్వకముగాఁ జేయు హింసకు ముందుగా సమ్మతి యిచ్చుట యనునది లేదు. ఆపద యుండునని తెలియుట వేఱు, అన్యాయమున కంగీకరించుట వేఱు.

ఇట్లనుటచే నా సాయుధుల మనోవేదన నిరాధారమని మేము చెప్పుట లేదు. తీర్పరి కాఁదలఁచినవాఁడు ముందుగా వాది మాట వినవలెను. 1949లో ఇండొనీషియా స్వాతంత్ర్యమును డచ్చివా రంగీకరించినప్పుడు పడమటి న్యూగినీని మాత్రము తమ చేతనే యుంచుకొనిరి. 1962 ఆగస్టు 15వ తేదీన న్యూయార్కులో జరిగిన యొడంబడికచే నది కొన్ని నెలలు ఐక్యరాజ్యసమితి పాలనలో నుండి, 1963 మే 1వ తేదీన ఇండొనీషియా వశమయ్యెను. ఆ మధ్యకాలమున యుద్ధవిరామమును బర్యవేక్షించినవారిలో మన భారతసేనాధికారులును గలరు. దేశమునకుఁ దన భవితవ్యమును దానే నిర్ణయించుకొను నవకాశ మిత్తుమని యా యొడంబడికలో నుండెను. 1969లో నా నిర్ణయము జరిగిన తీరెట్టిదనఁగా, సుమారు ఎనిమిది లక్షల జనములోనుండి యేఱఁబడిన వేయిమందికిఁ గొంచెము మించిన ప్రతినిధులు, సైనికుల కట్టెదుట, ఏకగ్రీవముగా ఇండొనీషియాలోనే యుందుమనిరి. అంతకు రెండేండ్ల ముందే, 1967లో, ఆ దేశపు రాగి బంగారు గనుల హక్కు ఒక విదేశీయకంపెనీకి దత్తమైయుండెను. ఇంటివారి నడుగకయే యింటిని వ్రాసియిచ్చిరని యొక జాతి తలపోసినచో, ఆ తలఁపు కొట్టివేయఁదగినది కాదు.

కాని దుఃఖము సత్యమైనంతమాత్రమున దాని పేరఁ జేయు ప్రతికార్యమును ధర్మము కానేరదు. చోదకులను బట్టుటకును, విమానములను దహించుటకును ఆ పక్షమువారు చెప్పు కారణములు ముఖ్యముగా మూఁడు. ఆ విమానములు సైనికులను, వారి సామగ్రిని మోయుచున్నవనుట యొకటి. విదేశీయుని బట్టినఁగాని లోకము తమ మొఱ వినదనుట రెండవది. అచ్చటికి రావలదని ముందే హెచ్చరించితిమనుట మూఁడవది. వీనిని వరుసగాఁ బరిశీలింతము.

మొదటిదానిలో సత్యలేశము గలదు. రోడ్డులేని దేశమున రాజ్యాధికార మెల్ల విమానముననే పోవును. బడిపంతులెక్కిన విమానమునందే సిపాయియు నెక్కవచ్చును. మహాభారతమున భీష్మపర్వారంభమునఁ గౌరవపాండవులు చేసికొన్న సమయము నిచ్చట స్మరింపఁదగును. సారథిని, బండిమోయు పశువులను, ఆయుధములు మోసితెచ్చువారిని, భేరీశంఖములు మ్రోగించువారిని గొట్టరాదని వారు నియమించుకొనిరి. ఆయుధములు మోయువాఁడు సైతము వారి దృష్టిలో నవధ్యుఁడే. నేఁటి యుద్ధధర్మ మంత యుదారము గాదు. సైన్యపు విమానము, సైన్యమునకు సామగ్రి మోయునప్పుడు, శత్రువునకు లక్ష్యమే. 1960 ఆగస్టులో మన నాగాకొండలలో ముట్టడింపఁబడిన యస్సాం రైఫిల్సు ఠాణాకు సామగ్రి జాఱవిడుచుచుండిన భారతవాయుసేనవారి డకోటా విమానము నాగా సాయుధుల తుపాకిగుండ్లకు దెబ్బతిని దిగిపోయెను; సిబ్బంది పట్టుపడిరి; వారిలోఁ గొందఱు 1962 వఱకుఁ జెఱలో నుండిరి. వారు సైనికులు, వారు చేయుచుండినది సైనికకార్యము. అది యుద్ధమునందలి కష్టమేకాని విశ్వాసఘాతము కాదు. కాని పౌరుఁడైన చోదకుని విషయ మట్టిది కాదు. నిన్న నాతఁడొక సిపాయిని మోసెనో లేదో, మోసియున్నను ఆ క్షణము గడచిపోయినది. నేఁడు గ్రామప్రజలతో దిగినవానిని నిన్నటి ప్రయాణమునకై శిక్షించుట యుద్ధము గాదు, పగ. వాహనమును బట్టి గాక, ఆ సమయమున నది చేయు పనిని బట్టి శత్రుత్వమును నిర్ణయింపవలయును.

రెండవ కారణము మఱింత బలహీనమైనది. 1785లో జర్మను తత్త్వవేత్త కాంటు తన నీతిశాస్త్రగ్రంథమున, మనుష్యుని నెన్నఁడును సాధనముగా మాత్రమే వాడుకొనరాదని ప్రతిపాదించెను. చెఱఁబట్టఁబడిన చోదకుఁడు వాదప్రతివాదములలో దేనికిని గర్త గాఁడు; వాఁడొక నగారాయైనాఁడు. లోకమునకు వినఁబడుటకై వాని ప్రాణముపై దెబ్బ వేయుచున్నారు. పోనిండు, లోకమునకు వినఁబడిన దేమి? ఆ పందొమ్మిది నెలలును వార్తలలో మ్రోఁగినది చెఱఁబడిన విదేశీయుని పేరు. 2018 డిసెంబరులో న్డుగాలో వంతెనలు కట్టు కూలీలు చంపఁబడినపిదప జరిగిన సైనికచర్యలకు వెఱచి యిండ్లు విడిచి యడవులపాలైన వేలకొలఁది జనుల పేరులు వినఁబడలేదు. నగారా శబ్దము పెద్దదైనప్పుడు మాట వినఁబడదు. సంక్షుభితదేశములలో సైతము బందీలను బట్టుటను 1949 నాఁటి జెనీవా యొడంబడికల మూఁడవ యధికరణము నిషేధించుచున్నది. అది రాజ్యమునకును, తిరుగఁబడినవారికిని సమానముగా వర్తించును. రాజ్యముగా లోకముచే గుర్తింపఁబడఁ గోరువారు రాజ్యధర్మమునకు ముందే కట్టుబడుట వారికే గౌరవము.

ఇఁక మూఁడవది. హెచ్చరించుటచే హక్కు పుట్టదు. దొంగ ముందుగాఁ జాటింపు వేయించినంతమాత్రమున దొంగతనము న్యాయ్యమగునా? అంతేకాక, ఆ హెచ్చరిక నిజముగాఁ దగులునది చోదకునికిఁ గాదు. ఒక చోదకుఁడు మానుకొన్నచో వేఱొకదేశమున వేఱొక కొలువు దొరకును. కాని జ్వరపడిన బిడ్డనెత్తుకొని విమానపుబాట ప్రక్కఁ గూర్చుండిన తల్లికి వేఱొక ఆకాశము లేదు. ఎవరి విమోచనమునకై యుద్ధము సాగుచున్నదో, వారికే మందులు మూసివేయుట విచిత్రమైన విమోచనము.

ఇంతవఱకు నొకపక్షమువారిని గూర్చి చెప్పితిమి. సారథి యవధ్యుఁడని చాటుట సులభము. వాని యవధ్యతను గాపాడుట కష్టము. దానిని జెఱచువారు తుపాకి పట్టినవారు మాత్రమే కారు. బియ్యపుబస్తాలచాటున తుపాకులు పంపువారును, సేవాసంఘపుగుఱుతు చాటున సిపాయిలను నడపువారును దానికిఁ దోడ్పడుచున్నారు. 1996లో పాపువాలోని మపెన్‌దుమా గ్రామమున శాస్త్రపరిశోధకులు బందీలైనప్పుడు రెడ్‌క్రాసువారు మధ్యవర్తులై నెలలకొలఁది ప్రయత్నించిరి. ఆ ప్రయత్నము విఫలమైనపిదప మే నెలలో సైనికచర్య జరిగెను. ఆ చర్యలో రెడ్‌క్రాసు గుఱుతు దుర్వినియోగమైనదని యభియోగము పుట్టి, ఆ సంస్థయే దానిపై విచారణ జరిపింపవలసివచ్చెను. అట్టి యనుమాన మొకమాఱు కొండలలోఁ బాఁకినచో, ఆపైని వచ్చు ప్రతి తెల్లని హెలికాప్టరును ఆ యనుమానమును మోసికొనియే దిగును.

1967 మొదలు 1970 వఱకు నైజీరియాలో జరిగిన బయాఫ్రా యుద్ధ మిందులకు మఱియొక నిదర్శనము. ఆఁకటఁ జచ్చు బయాఫ్రా బిడ్డలకు ఆహారము మోయు విమానములును, సేనలకు ఆయుధములు మోయు విమానములును ఉలీ యను నొకేచోటికి, రోడ్డునే వెడల్పుచేసి కట్టిన బాటపైకి, చీఁకటిలోఁ బోవుచుండెను. ఏది యేదో క్రిందివారికిఁ దెలియదు. 1969 జూన్ 5వ తేదీన ఆహారము మోయుచుండిన రెడ్‌క్రాసు విమానమును నైజీరియా వాయుసేన కూల్చివేసెను, సిబ్బంది మరణించిరి. ఆ యుద్ధమునందే కార్ల్ గుస్టాఫ్ ఫొన్ రోసెన్ అను స్వీడను దేశపు వైమానికుఁడు, 1930లలో ఇథియోపియాలో రెడ్‌క్రాసు విమానమును నడపిన దయాళువు, తొలుత బయాఫ్రాకు ఆహారము మోసెను. పిదప బిడ్డల చావు చూడలేక 1969 మేలో చిన్నవిమానములకుఁ ఱాకెట్లు కట్టి నైజీరియా విమానాశ్రయములపై దాడి చేసెను. ఆయన హృదయమును మేము తప్పుపట్టఁజాలము. కాని ఒక్క వైమానికుఁడు అన్నమునుండి యస్త్రమునకు మాఱినప్పుడు, అన్నము మోయు వందమంది వైమానికుల యవధ్యత పలుచఁబడును. దయయే హింసకు బాట వేయుట యిందలి దుఃఖము. ఆ మహాసాహసికుఁడు 1977లో ఇథియోపియాలోని గోదె పట్టణమున, మరల క్షామనివారణకార్యములో నుండఁగా, దాడిలో మరణించెను.

సాహస మనుమాట వచ్చినది గనుక నొకవిషయము. తెలుఁగున సాహస మనిన మెప్పు. కాని మన ధర్మశాస్త్రములలో సాహస మనునది యొక వ్యవహారపదము, అనఁగా విచారింపఁదగిన యపరాధము. బలగర్వముచే వెనుకముందు చూడక చేయు పని కా పేరు. ఈ రెండర్థములకు నడుమ నొక గీఁత గలదు. రోగిని దెచ్చుటకై మేఘములలోఁ జొచ్చువాఁడు మొదటి యర్థమున సాహసి. లాభమునకై, అపాయము నెఱిఁగియు, దానిని చోదకునికిఁ జెప్పక పంపు యజమానుఁడు రెండవ యర్థమున సాహసి. చోదకుని వెనుకఁ గూర్చున్న యాత్రికు లా గీఁతను గీయలేరు. వారికిఁ బోవుటయో, యూరకుండుటయో తప్ప వేఱు తెరువు లేదు. కాఁబట్టి పంపువారికి మూఁడు విధులు గలవు. ఆ యూరి స్థితి యాదినమున నెట్లున్నదో చోదకునికి దాఁచక చెప్పుట. విమానములో నెక్కించినది యేమో, ఎక్కినవారెవరో వానికిఁ దెలియనిచ్చుట. "నేను పోను" అని యన్నచో వాని కూటికిఁ గీడు రాకుండఁ జూచుట. ఈ మూఁడును లేనిచోట సమ్మతి యనుమాట వట్టిది.

అట్లయిన విమానములు మానవలెనా? మానినచో రోగి చచ్చును. పంపినచో సారథి చావవచ్చును. ఈ రెంటికి నడుమ మూఁడవ మార్గము గలదని చూపిన యుదాహరణ మొకటి గలదు. 1986 ఆగస్టులో దక్షిణ సూడానులోని మలకల్ వద్ద తిరుగుబాటుదారులు పౌరవిమానము నొకదానిని గూల్చి అఱువదిమందిని జంపిరి. మూఁడేండ్లకు, 1989లో, ఐక్యరాజ్యసమితి మధ్యవర్తిగా, ప్రభుత్వమును ఆ తిరుగుబాటుదారులును ఏ దారిని ఏయూరికి ఆహారవిమానము పోవచ్చునో సమ్మతించిరి. ఆ యేర్పాటు నిర్దుష్టము గాదు. ఆ ధాన్యములోఁ గొంత సేనల కడుపులకుఁ బోయినదని నింద గలదు. పలుమాఱు ప్రభుత్వము దారులు మూసినది. అయినను బగవారిరువురు బియ్యపుబండిని యుద్ధమునుండి వేఱుచేయుటకుఁ గూర్చుండి మాటలాడిరి. యుద్ధకారణమును దీర్పలేనివారు సైతము బండిమాట తీర్చుకొనవచ్చునని యిందువలనఁ దెలియుచున్నది.

ఈ దూరదేశపు మాట మనకేల యని చదువరు లడుగవచ్చును. మన యేజెన్సీ ప్రాంతములలో బందు పిలుపుల దినములందు బస్సులు తగులఁబడిన వార్తలు మన మెఱుఁగనివి కావు. పట్టణములలో సైతము కోపము వచ్చిన గుంపు మొదట ఱాయి విసరునది బస్సుమీఁద. మొదట దెబ్బ తినునది డ్రైవరు. ప్రభుత్వము కనఁబడదు, డ్రైవరు కనఁబడును. యజమానునిపైఁ గోపమును పనివానిపైఁ దీర్చుకొనుట మన యిండ్లలోనే పుట్టిన దుర్గుణము. చెడువార్త తెచ్చిన తపాలాబంట్రోతును గసరుకొను నోరే, బలము దొరకినచోట, విమానమునకు నిప్పు పెట్టును. రావణుని సభలో విభీషణుఁడు దూతను జంపరాదని చెప్పినది మన పిల్లలకుఁ గథగాఁ జెప్పుదుము. అందలి నీతి రాజసభకు మాత్రమే కాదు, వీథికిని జెల్లును.

మొదటి ప్రశ్నకు మా సమాధాన మిది. సారథి యవధ్యుఁడే. కాని యా యవధ్యత వాని నుదుట వ్రాసిపుట్టినది గాదు. దానిని ముగ్గురు కలిసి నిలుపవలెను. కొట్టఁగలిగియుఁ గొట్టనివాఁడు, బండిలో బియ్యముతో మందుగుండును గలపనివాఁడు, ఏమి మోయుచున్నానో యడిగి తెలిసికొనువాఁడు - ఈ ముగ్గురిలో నొక్కఁడు తప్పినను తక్కిన యిద్దఱి ధర్మము నిలువదు. కురుక్షేత్రమున నియమము చేసికొన్నవారే అభిమన్యుని జుట్టి గుఱ్ఱములను, సారథులను గూల్చిరి. నియమము చెడిన నాఁడు గెలిచినవారును లేరు. పాపువా కొండలలో న్యాయ మెవరిదో చరిత్ర నిర్ణయించుఁగాక. అంతవఱకు నా గడ్డిబాటలపై మందులపెట్టె దిగుచుండవలెను.